కింది చుక్క

కామానా, సెమీకోలనా? ఆమె చూపుడువేలు ఆ వాక్యం మీదికి మూడోసారి వెళ్లింది, మూడోసారీ అక్కడే చతికిలబడింది. ఆరు చుక్కల బ్రెయిలీ గడిలో ఎడమ వరసలో మధ్య చుక్క ఉంది, అది నిజం, గట్టిగా గుండ్రంగా ఆవగింజలా వేలికి తగులుతోంది. దాని కిందే ఇంకో చుక్క ఉంటే సెమీకోలన్, లేకపోతే కామా, అంతే కదా, ఇరవై రెండేళ్లుగా రోజుకి వందసార్లు చేస్తున్న పనే కదా, ముద్ద నోటికి తీసుకెళ్లడానికి ఎవరైనా దారి వెతుక్కుంటారా? కానీ ఆ కింది చుక్క ఉందంటే ఉన్నట్టుంది, లేదంటే లేనట్టుంది. అంతా ఈ పుస్తకం రాసిన మాస్టారి చలవ. ఇంగ్లీషు రాయడం నేర్చుకునే పిల్లల పుస్తకం ఇది, ఏడో అధ్యాయం పేరే సెమీకోలనూ కోలనూ, అందులో మహానుభావుడు ప్రతి సూత్రానికీ పైన ఒక తప్పు వాక్యం పెట్టాడు, కింద అదే వాక్యాన్ని ఒప్పుగా పెట్టాడు. వాన వెలిసింది, పిల్లలు బయటికి పరిగెత్తారు అని మధ్యలో కామా పెట్టి ఇది తప్పు అంటాడు. అదే వాక్యానికి సెమీకోలన్ పెట్టి ఇది ఒప్పు అంటాడు. వేలికేమో రెండూ కవల పిల్లల్లా ఒక్కలాగే ఉన్నాయి. మామూలు పేజీల్లో అయితే మాట సగం తగిలితే చాలు, మిగతా సగాన్ని అలవాటే పూడ్చేస్తుంది, ఇక్కడ పూడ్చడానికేముంది, వాన రెండిట్లోనూ వెలిసింది, పిల్లలు రెండిట్లోనూ పరిగెత్తారు.

పదింటికి వదిన పెద్దసారు గదిలో మీటింగుకి వెళుతూ, "ఏడో అధ్యాయం ఒకసారి చేత్తో తిరగేసి ఉంచు వదినా, పదకొండుకొచ్చి కూర్చుందాం" అంది. వీళ్లిద్దరూ ఒకరికొకరు వదినలే. చుట్టరికం ఏమీ లేదు, ఈ బ్రెయిలీ ప్రెస్సులో చేరిన వారంలోనే, నన్ను నువ్వు మేడమ్ అంటే నిన్ను నేను మేడమ్ అనాలి, తిట్టుకోవాలంటే కుదరదు, వదినలమైపోదాం అని ఆవిడే తీర్మానించింది. పుట్టుకతోనే చూపు లేని ఈవిడ బ్రెయిలీ పేజీని వేలితో పైకి చదువుతుంది, చూపున్న ఆవిడ ఎదురుగా కూర్చుని అసలు పుస్తకాన్ని కళ్లతో పోల్చుకుంటుంది. మాటలే కాదు, కామా, ఫుల్‌స్టాప్, కొటేషన్ మొదలు, కొటేషన్ ముగింపు, అన్నీ పైకే చదవాలి. సరిపోతే వదిన "ఊఁ" అంటుంది. సరిపోకపోతే "ఆగు" అంటుంది, అప్పుడు ఆ చోట ఒక చిన్న కాయితం అతికించి పేజీని వెనక్కి పంపుతారు. ఇరవై రెండేళ్లలో ఈ టేబుల్ మీద ఎన్ని లక్షల ఊఁలు రాలాయో, పోగేస్తే ఈ గది చాలదు.

కిటికీలోంచి ఎండ ఎడమ మోచేతి మీద పడుతోంది, పదిన్నర కావస్తోందన్నమాట, పదకొండుకి అది మణికట్టు దాకా వస్తుంది. ఈ గదంటే ఆమెకి ఎంత ఇష్టమో. మందపాటి కాయితం వాసన, కొత్త అట్టపెట్టె విప్పితే వచ్చే వాసనలాంటిది, పైన ఫ్యాను మూడు చుట్లకొకసారి కిర్రుమనడం, గోడ అవతల చుక్కలు పొడిచే మిషను టకటకలు, ఆ మిషను నడిపే తాత మధ్యమధ్యలో దాన్ని పెళ్లాన్ని బతిమాలినట్టు బతిమాలడం. పొద్దున్నే వచ్చి కుర్చీ జరుపుకుని చేతులు కడుక్కుని తుడుచుకుని మొదటి పేజీ మీద వేళ్లు ఆనిస్తే, అదొక సుఖం, ఎవరికైనా చెబితే నవ్వుతారు. ఎవరి పిచ్చి వాళ్లకానందం. అందుకే కదా ఈ మూడు వారాల నుంచీ మింగలేకా కక్కలేకా ఉంది. మూడు వారాల నుంచీ పేజీ పలచబడుతోంది. ఒక్కసారిగా కాదు, రోజుకింత. మొదట కాయితం తడిసిందేమో అనుకుంది, తర్వాత చలికి చేతులు మొద్దుబారాయేమో అనుకుంది, చలి ఎక్కడిది, ఫ్యాను కింద కూర్చుని. తర్వాత ఏమీ అనుకోవడం మానేసింది. అనుకుంటే అమ్మ కాళ్లు గుర్తొస్తాయి.

అమ్మకి షుగరు. చివరి రోజుల్లో పాదాలకి స్పర్శ పోయింది. వేడినీళ్ల గిన్నె పక్కన కాలు ఆనించుకుని కబుర్లు చెబుతూ కూర్చుంది, చర్మం కమిలిన సంగతి సాయంత్రం దాకా తెలియలేదు, తెలిశాక కూడా, "మంచిదేనే, నొప్పి లేని కాలు ఎంతమందికి దొరుకుతుంది" అని జోకు. అమ్మ దేనికైనా జోకు వేసేది. కూతురికి చూపు లేదని తెలిసిన రోజున కూడా, పోనీలే, నా మొహం చూసి జడుసుకునే బాధ తప్పింది దానికి, అందట. కిందటి ఏడు డాక్టరు, మీకు కూడా గట్టు మీదే ఉంది, జాగ్రత్త అన్నాడు. గట్టు మీదున్నది ఎటు జారుతుందో ఎవరికి తెలుసు? అమ్మకి కాళ్లయితే పోయాయి, నడవడానికి మనిషి సాయం దొరికింది. ఆమెకి వేలు పోతే? వేలు పోతే ఉద్యోగం పోతుంది, సరే, ఉద్యోగం ఎప్పటికైనా పోయేదే. కానీ చదువు? దిండు పక్కన పెట్టుకుని రోజూ నాలుగు పేజీలు చదివే పుస్తకం? మూడు వారాలుగా ఆ పుస్తకం ముట్టలేదు. ఇంట్లో ఆయన అడిగాడు కూడా, "ఏంటి, కథ నచ్చలేదా?" అని. నిద్రొస్తోందని అబద్ధం చెప్పింది. నిజం ఏంటంటే భయం. ప్రెస్సులో పేజీ పలచగా తగిలితే కాయితం మీదికో మిషను మీదికో నెట్టెయ్యొచ్చు, ఇంట్లో ఐదేళ్ల నుంచి చదువుతున్న పుస్తకం కూడా పలచగా తగిలితే ఇక ఎవరి మీదికి నెడుతుంది? ఎదురుగా బీరువాలో కూడా పాత పుస్తకాలు నిండా ఉన్నాయి. లేచి నాలుగడుగులు వేసి ఒకటి తీసి ఒక్క వాక్యం తడిమితే తేలిపోతుంది. ఆ నాలుగడుగులు వెయ్యడానికే మూడు వారాలుగా కాళ్లు రావడం లేదు.

వాన వెలిసింది, కామానో సెమీకోలనో, పిల్లలు బయటికి పరిగెత్తారు. బళ్లో ఇంగ్లీషు చెప్పిన టీచరమ్మ కూడా చూపులేని మనిషే, ఆవిడ గుడ్లు పెట్టే అట్ట ఒకటి తెచ్చి, మూడు గుంటల వరసలు రెండు మాత్రం కత్తిరించి, అందులో గోలీలు వేయించి అక్షరాలు నేర్పింది. సెమీకోలన్ రోజున చెప్పింది, ఇదుగో పిల్లలూ, ఒకే ఇంటిని రెండు వాటాలు చేసి ఉంటారు చూడండి, ఎవరి వంటిల్లు వాళ్లది, ఎవరి వాకిలి వాళ్లది, ఎవరికి వాళ్లు బతకగలరు, కానీ మధ్యలో గోడ ఒకటే, అది సెమీకోలన్. ఇటువైపూ పూర్తి వాక్యం ఉండాలి, అటువైపూ పూర్తి వాక్యం ఉండాలి. కామాకి అంత బలం లేదు, గోడ కట్టాల్సిన చోట దుప్పటి వేలాడగట్టినట్టుంటుంది. ఫుల్‌స్టాప్ పెడితే తప్పేం లేదు గానీ, అది వేరే వీధిలో వేరే ఇల్లు. అప్పుడొక గడుగ్గాయి, మరి వాటాల వాళ్లు కొట్టుకుంటే అంది. అప్పుడు ఫుల్‌స్టాపే అంది టీచరమ్మ. కోలన్ సంగతి వేరు. అది తలుపు తీసి ఇదుగో అని చూపించడం. చెప్పాల్సింది ముందు పూర్తిగా చెప్పి, అప్పుడు తలుపు తియ్యాలి. సగం మాట మీద తలుపు తియ్యకూడదు. ఈ మాస్టారూ అదే అన్నాడు, కోలన్‌కి ముందున్నది తనంతట తాను నిలబడే వాక్యమై ఉండాలని. ఆమె అత్తగారు మాత్రం అందరికంటే గొప్ప కోలన్. ఒక్క మాట చెబుతాను విను అని ఆగేది, ఇంటిల్లిపాదీ చేతిలో పని ఆపి తిరిగి చూసేవాళ్లు, అక్కడి నుంచి పదిహేడు మాటలు వచ్చేవి. ఆ తల్లికి పుట్టినవాడే అయినా ఆయన ఒట్టి కామా మనిషి. బస్సు డిపోలో రోజంతా వేళలు రాసి వచ్చి, ఇవాళ నాలుగో నంబరు ఆలస్యం, డ్రైవరుకి జ్వరం, అన్నట్టు చెప్పులు కుట్టించాలి, నువ్వు తిన్నావా, అంటాడు. ఎక్కడా ఫుల్‌స్టాప్ దొరకదు. మంచివాడు పాపం.

ఆయన కామాలు సరే, ఈమెవి తక్కువా? కూతురు చిన్నప్పుడు పడుకోబెడుతూ ఒళ్లో బ్రెయిలీ కథల పుస్తకం పెట్టుకుని చదివేది. పగలంతా చదివిన నోరు కదా, దానికి ఇల్లో ప్రెస్సో తెలియదు. అనగనగా ఒక రాజు కామా ఆ రాజుకి ఏడుగురు కొడుకులు ఫుల్‌స్టాప్. పిల్ల కూడా అదే పద్ధతి అనుకుంది. బళ్లో వార్షికోత్సవం రోజున స్టేజీ ఎక్కి ఇంగ్లీషు పద్యం మొదలుపెట్టి, మొదటి పాదం చివర కామా, రెండో పాదం చివర సెమీకోలన్ అని గంట కొట్టినట్టు చెప్పింది. హాలంతా నవ్వు. పిల్ల ఏడవలేదు సరికదా, వీళ్లకేం తెలియదు అన్నట్టు ఇంకా గట్టిగా చెప్పి దిగింది. మర్నాడు ఆయన్నీ ఈమెనీ పిలిపించి, మీ ఇంట్లో అందరూ ఇలాగే మాట్లాడుకుంటారా అని అడిగింది హెడ్మిస్ట్రెస్. ఆయన, లేదండీ, నాకు కామాల వరకే పర్మిషన్ అన్నాడు. ఇప్పుడా పిల్ల లెక్కల టీచరు. ఫోను పెట్టేసే ముందు ఇప్పటికీ, ఉంటానమ్మా ఫుల్‌స్టాప్ అంటుంది. అది తలుచుకుంటే ఎప్పుడైనా సరే పెదాలు వాటంతటవే విచ్చుకుంటాయి, ఇప్పుడూ విచ్చుకున్నాయి, వేలు ఆ పాడు చుక్క దగ్గరే ఉన్నా సరే. ఇంత మంచి బతుకు బతికి, వేలి కొన దగ్గర ఓడిపోవాలా?

పేజీ తిప్పింది. తప్పించుకోవడానికే తిప్పింది, ఎవరూ చూడ్డం లేదు కదా. ఇక్కడి నుంచి కోలన్లు. ఆవిడకి రెండే కోరికలున్నాయి, కోలన్, నిద్రా సెలవూ. పుస్తకంలోని ఆ మొదటి వాక్యం మీద వేలు హాయిగా జారింది, కోలన్ దగ్గర టక్కున తగిలింది. రెండు చుక్కలు, మధ్య వరసలో, పక్కపక్కన. కళ్లున్నవాళ్ల అచ్చులో కోలన్ అంటే చుక్క మీద చుక్కట. ఆ సంగతి వదిన చెప్పినప్పుడు, చేరిన కొత్తలో, ఇద్దరూ అరగంట వాదించుకున్నారు. "ఒకదాని మీద ఒకటి వదినా." "కాదు, పక్కపక్కన." "నా కళ్లతో చూస్తున్నా." "నా వేలితో చూస్తున్నా." చివరికి వదిన ఈమె అరచేతి మీద పెన్నుతో అచ్చు కోలన్ పెట్టి చూపించింది. మీ కోలన్ నిలబడి ఉంటుంది, మా కోలన్ కాళ్లు చాపుకుని కూర్చుంటుంది, అన్న ఒప్పందం కుదిరింది. ఎంత బాగా తగులుతోందో ఈ కోలన్, రెండు చుక్కలూ రెండు శనగ్గింజల్లా. ఇంకో వాక్యం. ఇంకో కోలన్. అదీ తగిలింది. ఆ తర్వాతదీ. ఫుల్‌స్టాప్ మూడు చుక్కలు, మూడూ తగిలాయి.

వేలు ఆగింది. ఈసారి చతికిలబడి కాదు. ఉండుండు, అనుకుంది ఆమె, తొందరపడకు. స్పర్శ పోతున్న వేలికి కోలన్ ఎందుకు తెలుస్తోంది? అమ్మ కాలికి వేడినీళ్లు తెలియనప్పుడు చన్నీళ్లూ తెలియలేదు, కార్పెట్టూ తెలియలేదు, చెప్పు జారిపోయినా తెలియలేదు. మొద్దుబారితే అంతా మొద్దుబారుతుంది. ఈ వేలికి మధ్య చుక్క తెలుస్తోంది, కుడి చుక్క తెలుస్తోంది, కుడి కింది చుక్క కూడా తెలుస్తోంది, ఎడమ కిందిది ఒక్కటే తెలియడం లేదు. రోగానికి ఇంత వివరం ఎక్కడిది? ఆరు చుక్కల్లో ఒక్క చుక్కనే ఏరుకుని, దాని మీద కక్షగట్టి, మిగతా ఐదింటినీ వదిలిపెట్టే రోగం ఏ డాక్టరు పుస్తకంలో ఉంది? మరి ఆరు చుక్కల్లో ఒక్కదాన్నే పట్టించుకునేది ఏముంది ఈ ప్రపంచంలో? గోడ అవతల టకటకా టకటకా. ఆ మిషనుకి ఆరు సూదులుంటాయి. ఒక్కో చుక్కనీ ఒక్కో సూది పొడుస్తుంది.

లేచింది. కుర్చీ వెనక్కి పడబోతే పట్టుకుంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, బీరువా తలుపు చల్లగా చేతికి తగిలింది. కింది అరలో ఎప్పుడో ఆరేళ్ల కిందటి ఇంగ్లీషు వాచకం ఉంటుంది, అందులో ఒక ముసలి మాష్టారు రాసిన ఉత్తరం ఉంది, ఆయన వాక్యానికో సెమీకోలన్ పెడతాడు, అప్పట్లో ఇద్దరూ తిట్టుకుంటూ చదివారు. ఆ పేజీ దొరకడానికి ఎంతసేపు పట్టిందో తెలియదు. నిలబడే చదివింది. దేవుడా, ఒక్కటి తగలనీ, ఒక్కటి చాలు, అనుకుంది పైకే. మొదటి వరస, రెండో వరస, నా ఆరోగ్యం బాగానే ఉంది, మధ్య చుక్క, దాని కింద, దాని కింద నిక్షేపంగా ఇంకో చుక్క! రాయిలా! పైదానికేమీ తీసిపోకుండా. వేలు కిందికీ పైకీ నాలుగుసార్లు ఆడించింది. ఉంది. తర్వాతి వాక్యంలో ఇంకొకటి, ఉంది. ఆ ముసలి మాష్టారికి వెయ్యేళ్లు ఆయుష్షు ఉండాలి, ఎన్ని పెట్టాడో, ఉంది, ఉంది, ఉంది. బీరువా తలుపుకి నుదురు ఆనించుకుని ఆమె ఏడ్చింది, నవ్వింది, రెండూ ఒకేసారి వచ్చాయి, ఏది ముందో తెలియలేదు. తాడుని చూసి పామనుకోవడం విన్నాం గానీ, మూడు వారాల పాటు ఆ తాడుతో కాపురం చేసినదాన్ని నేనే అయి ఉంటాను, అనుకుంది.

పుస్తకం గుండెలకి హత్తుకుని కుర్చీలోకి వచ్చి పడింది. ఇవాళ ఇంటికెళ్లగానే దిండు పక్క పుస్తకం, నాలుగు కాదు, నలభై పేజీలు. ఆయన అడిగితే చెప్పేస్తుంది అంతా, చెబితే తిడతాడు, తిట్టనీ. మిషన్ తాతకి చెప్పాలి, సూది మార్చమని, ఆ ముసలాయన అలుగుతాడు, నా మిషనుకి వంక పెడతారా అని. అరిగిన సూది చుక్క పెడుతోంది గానీ ఎత్తు రావడం లేదన్నమాట, రోజురోజుకీ ఇంకాస్త తక్కువ. ఈ మూడు వారాల్లో ఎన్ని పేజీలు పోయాయి? నూట అరవై. సోమవారం బైండింగుకి వెళ్లాలి అవన్నీ, పిల్లల పరీక్షలకి పుస్తకం అందాలి. అమ్మో, ఆపాలి, అన్నీ మళ్లీ కొట్టించాలి. కామాలన్నీ కామాలే గానీ సెమీకోలన్లు కూడా కామాలే అయి ఉంటాయి ఆ పేజీల్లో. తను కామా అనే చదివి ఉంటుంది ఆ చోటల్లా. తను కామా అని చదివితే...

అక్కడ ఆమె సంతోషం ఒక్కసారి తూలింది. తను కామా అని చదివితే, ఎదురుగా వదిన కళ్ల ముందు అచ్చులో సెమీకోలన్ ఉంటుంది కదా. వదిన ఆగు అనాలి కదా. చీమంత తేడా వచ్చినా టేబుల్ మీద కొట్టి మరీ ఆగు అనే మనిషి. ఒక్కరోజు కూడా అనలేదు. మూడు వారాల నుంచీ ప్రతి వాక్యానికీ ఊఁ, ఊఁ, ఊఁ. ఎండ మణికట్టు మీదికి వచ్చింది, వరండాలో చెప్పుల చప్పుడు వినిపించింది, ఎడమ చెప్పు కాస్త ఈడ్చే నడక, వదినదే.

"హమ్మయ్య, అయిపోయింది వదినా. పెద్దసారు మాట్లాడుతుంటే సగంమంది నిద్రపోయారు, మిగతా సగం..."

"వదినా, ఇలా కూర్చో."

"కూర్చున్నా. ఏంటి, అలా ఉన్నావ్? ఏడ్చావా?"

"ఈ మూడు వారాల్లో నేను కామా అని చదివితే నీ పుస్తకంలో సెమీకోలన్ ఉన్న చోట్లు ఎన్ని?"

వదిన అసలు పుస్తకం దగ్గరికి లాక్కున్న చప్పుడైంది.

"ఏ సెమీకోలన్?"

"నాటకాలొద్దు."

"పద్నాలుగు," అంది వదిన, గొంతు బొత్తిగా పడిపోయి. "రాసి పెట్టుకున్నా."

"ఆగు అనలేదేం మరి?"

"ఎలా అనమంటావ్? మొదటిసారి అందామనే నోరు తెరిచా. నీ చెయ్యి చూశా. నువ్వు చదివిందాని మీదికి మళ్లీ వెనక్కెళ్లడం నేనెప్పుడన్నా చూశానా? ఆ రోజు నాలుగుసార్లు వెళ్లావు. నువ్వు మంచినీళ్లకి లేచినప్పుడు ఆ కాయితం వంచి వెలుతుర్లో చూశా వదినా. చుక్క ఉంది. నా కళ్లతో చూశా. చుక్క అక్కడుంటే మరి నీ వేలికి..." మాట పూర్తి చెయ్యలేక ముక్కు ఎగబీల్చింది. "పేజీ సరిగ్గానే ఉంది కదా అని పంపించేశా. నీకు చెప్పే ధైర్యం నాకెక్కడిది?"

"కంటికి కనిపిస్తే చాలా? ఈ పుస్తకం చదివే పిల్లలు కళ్లతో చదువుతారా?"

ఆమె టేబుల్ మీద చెయ్యి చాపి వదిన చెయ్యి వెతికి పట్టుకుంది. "మిషను సూది అరిగింది వదినా. ఎడమ కిందిది. నీ కంటికి ఆనుతోంది, వేలికి ఆనడం లేదు. నా వేలు సలక్షణంగా ఉంది. ఇప్పుడే పాత పుస్తకం చదివి చూశా."

"నిజంగా?"

"నిజంగా."

"నా మీద ఒట్టు?"

"నీ మీదా, నీ కళ్లజోడు మీదా ఒట్టు."

వదిన ఓ అని ఏడ్చింది. అవతల మిషను ఆగింది, "ఏమైందమ్మా?" అని కేకేశాడు తాత. "నీ పని తర్వాత చెప్తాం, ఆ మిషను అలాగే ఆపు!" అని ఇద్దరూ ఒకేసారి అరిచారు. అరిచాక నవ్వు ఆపుకోలేకపోయారు. నూట అరవై పేజీలు మళ్లీ కొట్టించాలి, కొట్టిద్దాం, మళ్లీ చదవాలి, చదువుదాం, ఆదివారం కూడా రావాలి, వద్దాం. పెద్దసారుకి ఎవరు చెబుతారు? నువ్వే, నువ్వే. "అంతా సరే గానీ, నీకు తేడా తెలుస్తున్నప్పుడు నువ్వెందుకు నోరు విప్పలేదు?" అని నిలదీసింది వదిన, కళ్లు తుడుచుకుంటూ. తేలు కుట్టిన దొంగలా పేజీలు సర్దడం మొదలుపెట్టింది ఈమె. ఇంతకాలం ఒకే టేబుల్‌కి చెరోవైపు కూర్చుని, ఒకళ్లని ఒకళ్లు కాపాడుకుందామని ఇద్దరూ నోరు మూసుకుంటే, ఇదుగో, నూట అరవై పేజీలు చెడాయి. కోపం రావాలి నిజానికి. వెతికితే ఎక్కడా దొరకలేదు.

"అయితే నా వేలు కూడా మొద్దు కాదన్నమాట," అంది వదిన ఉన్నట్టుండి.

"నీ వేలికేమైంది?"

"ఏం లేదు."

"వదినా."

"నవ్వకూడదు మరి. నీ వేలు పోయిందని తెలిస్తే నిన్ను పంపించేస్తారు, ఇంకెవర్నో తెచ్చి ఈ కుర్చీలో కూర్చోబెడతారు. అందుకని నేనే నేర్చుకుంటే, నా పుస్తకం ఒళ్లో పెట్టుకుని, నీ పక్కన కూర్చుని, నీ పేజీ నా వేలితో చదివి నీ చెవిలో చెబితే, నువ్వు పైకి చదువుతావు, ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నా. చిత్తు కాయితాలు ఇంటికి పట్టుకెళ్లి, పొద్దున్నే పాలు కాగేలోపు కళ్లు మూసుకుని తడుముతున్నా. రెండుసార్లు పాలు పొంగిపోయాయి. పది అక్షరాలు వచ్చేశాయి వదినా, నీ అంత వేగంగా కాదనుకో. పదకొండో అక్షరం దగ్గర ఆగిపోయా. వారం నుంచీ అక్కడే. పదకొండోది మొదటి అక్షరంలాగే తగులుతుంది. పన్నెండోది రెండోదానిలాగే. ఈ వయసులో నా మొద్దు వేలికి ఇంతకంటే రాదులే అని నిన్నే మానేశా."

మొదటి పది అక్షరాలకీ పైనున్న నాలుగు చుక్కలే చాలు. ఎడమ కింది చుక్కతో పని పడేది పదకొండో అక్షరం నుంచే. ఈ మహాతల్లి చిత్తు కాయితాలు పట్టుకెళ్లింది ఆ మిషనువే కదా. మూడు వారాలు కళ్లు మూసుకుని, పాలు పొంగించుకుని నేర్చుకుంది, వారం పాటు వేలికి తగలని చుక్క కోసం వెతికింది. ఇంత ప్రేమ తన పేరున ఈ టేబుల్ అవతల ఉందని ఇన్నేళ్లుగా ఆమెకి తెలియదు, తెలుసనుకుంది గానీ తెలియదు. పాత వాచకం ముందుకు లాగింది, పదకొండో అక్షరం ఎక్కడుందో తన వేలితో వెతికి పట్టుకుంది, వదిన చూపుడువేలు తెచ్చి అక్కడ పెట్టింది. "కళ్లు మూసుకో."

"మూసుకున్నా."

"నేనెలా నమ్మేది?" అని రెండో చేత్తో వదిన కళ్లజోడు పైకి నెట్టి రెప్పల మీద అరచెయ్యి వేసింది. మూసే ఉన్నాయి, తడిగా. "ఇప్పుడు చెప్పు. నెమ్మదిగా. నొక్కెయ్యకు, వేలు ఊరికే ఆనించు."

"పైన ఒకటుంది."

"ఊఁ."

"మధ్యలో ఏమీ లేదు."

"ఊఁ."

"కింద... వదినా, కింద ఉంది! ఉంది వదినా, ఇదుగో!"

"పదకొండు వచ్చేశాయి," అంది ఆమె, అరచెయ్యి ఆవిడ కళ్ల మీద నుంచి తియ్యకుండానే. "ఇంకా పదిహేనున్నాయి. వేలు తియ్యకు."